సముద్రానికి చెప్పిన ఇంటి మాటలు

జ్యేష్ఠ బహుళ విదియ. పడమటి గాలి. సముద్రం నెమ్మది.

ఇవాళ అమ్మ చీర కొంగు ఖర్చయిపోయింది.

కోడి కూసే వేళ ప్రసారంలో ఇలా చదివాను: "దీపాల గుట్ట నుంచి నూకరత్నం. ఏటి మొగ దగ్గర అల మోకాలెత్తు. గాలి పడమర. మధ్యాహ్నం ఎండ మండిపోతుంది, అమ్మ కొంగు కాలిన రోజులాగే. పెందరాళే వలలు ఎత్తుకుని వచ్చేయండి." వినే పడవల వాళ్ళకి అది ముసలిదాని చాదస్తం. సముద్రం అడుగున ఎక్కడో కూర్చుని వింటున్న నా తమ్ముడు గురువులుకి మాత్రం, మాట్లాడుతున్నది నేనే అనడానికి రుజువు.

వాడికి ఏడేళ్ళప్పటి సంగతి. అమ్మ పొయ్యి పక్కన కునుకు తీస్తోంది. మేమిద్దరం నిప్పులతో ఆడుతుంటే కొంగు అంటుకుంది. వాడు కుండలో గంజి ఎత్తి పోసేశాడు. కాలిన ముక్కని కత్తిపీటతో కోసి ఇసకలో పూడ్చేశాం. అమ్మ నెల్లాళ్ళు ఎలకల్ని తిట్టుకుంది. పోయేదాకా ఆవిడకి అసలు సంగతి తెలియదు. మా ఇద్దరికే తెలుసు, అందుకే అది పనికొచ్చింది.

గొంతు యంత్రాలు వచ్చాక ఎవరి గొంతునైనా ఎవరైనా పలికించేస్తున్నారు. ముత్తెపు దీవులు అలాగే పోయాయి. ఒక పొద్దున వాళ్ళ అధ్యక్షుడి గొంతు రేడియోలో ఆయుధాలు దించమంది, దించారు. సాయంత్రానికి అక్కడ అవతలి ఒడ్డు వాళ్ళ జెండా ఎగిరింది. ఆయన ఆ మాటే అనలేదని తర్వాత తెలిసింది, తెలిసి ఏం లాభం. మా తీరనాడు అప్పటినుంచి గొంతుని నమ్మడం మానేసి ఇంటిని నమ్ముకుంది. గుట్ట మీద చదివే మనిషీ, లోపల వినే మనిషీ ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళై ఉండాలి. రోజుకొక ఇంటి మాట. ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదు, అవతలి ఒడ్డు వాళ్ళు ప్రతి అక్షరం రాసుకుంటారు.

తమ్ముడున్న పడవ పేరు సొర. నీళ్ళ కింద తిరుగుతుంది, వింటుంది, మాట్లాడదు. మాట్లాడితే ఎక్కడుందో దొరికిపోతుంది. వరసగా మూడు పొద్దులు 'ఇది మన గొంతు కాదు' అని తమ్ముడు చెబితే, తీరనాడు లేదనే లెక్క. అప్పుడు కెప్టెన్ క్షిపణుల మీట ఉన్న పెట్టె తెరుస్తాడు. మధ్యనున్న సముద్రపు పాయకి అవతల ఉన్న శంఖుపురం బూడిదవుతుంది. ఆ భయంతోనే అవతలి ఒడ్డు వాళ్ళు మా జోలికి రాకుండా ఉన్నారు.

ప్రసార యంత్రం నడిపే దయామణి కూతురు సుజన ఆ శంఖుపురంలోనే ఉంది. పాయ మూసేయక ముందు అక్కడి సంబంధం చేశారు. దయామణి ఆ ఊసు ఎత్తదు. యంత్రాన్ని మాత్రం ఎప్పుడూ చెప్పిన వేళకంటే ముందే వేడెక్కించి పెడుతుంది.

"కొంగు కాలితే అమ్మ లేవలేదేటే" అంది ఇవాళ టీ ఇస్తూ.

"మా అమ్మ నిద్ర అలాంటిది" అన్నాను.

ఆఫీసుకి ఇచ్చే చిట్టాలో 'కొంగు' అని ఒక్క ముక్క రాశాను, మళ్ళీ వాడకుండా. ఇక్కడ రాసుకునేది నా సొంతం.

ఆషాఢ అమావాస్య. పెద్ద అలలు. పడవలు కదలలేదు.

వరాహమూర్తి గారు మామిడి తాండ్ర పట్టుకుని గుట్ట ఎక్కారు. ఆయనే మా పై అధికారి. ఆయన చేతిలో తీపి ఉందంటే వెనకాల చేదు ఉంటుందని నాకీపాటికి తెలుసు.

"తిమి రావడం లేదండీ నూకరత్నం గారూ. రేవులో దించుతుంటే పొట్ట దగ్గర పగిలింది."

తిమి రెండో పడవ. అది నీళ్ళలోకి దిగితే సొర ఇంటికొస్తుంది, తిమి వాళ్ళ అక్కాచెల్లెళ్ళ జంట మా పని అందుకుంటుంది. ఉగాది నుంచి వానల దాకా సరిపడా ఇంటి మాటలున్నాయని లెక్కగట్టి మమ్మల్ని తీసుకున్నారు. ఆ వానలు వచ్చేశాయి.

"ఎప్పటికి బాగవుతుందండీ?"

"కార్తీకం అవుతుందేమో."

"అప్పటిదాకా నా దగ్గర సరుకు లేదండి."

"మీరిద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు కదా."

"ఎన్నేళ్ళు పెరిగామంటారు? నన్ను పదహారో ఏట రొయ్యల ఫ్యాక్టరీకి పంపేశారు. అప్పటికి వాడికి పదకొండు. వాడికి ఊహ తెలిసిన నాటినుంచి చూసుకోండి. అందులో అమ్మకి తెలిసినవి తీసేయండి, వీధికి తెలిసినవి తీసేయండి, ఫొటోల్లో ఉన్నవి తీసేయండి. ఇద్దరికే తెలిసినవి ఎన్ని మిగులుతాయి? సొరని వెనక్కి పిలిపించేయండి."

ఆయన తాండ్ర పొట్లం దారం విప్పారు. "పిలిస్తే మన సముద్రం ఖాళీ అని వాళ్ళకి తెలిసిపోతుంది. నేను ముత్తెపు దీవుల్లో పుట్టాను నూకరత్నం గారూ. మా ఊరికి ఇప్పుడు వాళ్ళు పెట్టిన పేరుంది. మా అన్నయ్య ఏమయ్యాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పొద్దున మాకొక సొర ఉండి ఉంటే వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ముఖం చూశాక తిట్టబుద్ధి కాలేదు. తాండ్ర తీసుకున్నాను.

ఆయన వెళ్ళాక కూర్చుని ఏరుకున్నాను. రొయ్యలు ఎండబెట్టే చోట ఇద్దరం దొంగతనంగా పెంచిన కాకిపిల్ల ఉంది. పరీక్ష తప్పిన కాగితాన్ని వాడు తిని మింగేసిన రోజుంది. ఇంకొన్ని చిల్లరవి ఉన్నాయి. అడుగున మరొకటి ఉంది. దాని జోలికి పోను.

శ్రావణ శుద్ధ పంచమి. నైరుతి గాలి. మధ్యాహ్నం జల్లు.

వారం కిందట కాకిపిల్లని ఇచ్చేశాను.

ఒక మాట గాల్లోకి వెళ్ళాక అది నాది కాకుండా పోతుంది. సాయంత్రానికల్లా అవతలి ఒడ్డు రేడియోలో ఒకడు నా ప్రసారాన్ని నాలాగే దీర్ఘాలు తీస్తూ అప్పజెబుతాడు, వెనక డప్పు వాయిస్తారు. మొన్న మా వీధి పిల్లలు కూడా 'కాకిపిల్ల సచ్చిపోనాదంట' అని పాడుకుంటూ వెళ్ళారు. ఆ కాకి చచ్చిపోయిన రోజు గురువులు అన్నం తినలేదు. వాడి పక్కన కూర్చుని నేనూ తినలేదు. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే ముందు డప్పు వినపడుతోంది.

దయామణికి చెబితే, "పోన్లే. ఆళ్ళ పడవలోళ్ళు కూడా నీ మాట ఇనే సముద్రంలోకి ఎల్తారంట. సుజన మామగారూ అంతేనంట. ఉత్తరాలు వొచ్చీటప్పుడు రాసింది" అంది.

ఆ ఒడ్డు వాళ్ళు నా వాతావరణం విని క్షేమంగా ఇంటికి చేరుతున్నారు. ఇంటి మాట దొరకని నాడు నా మూలంగానే ఆ ఇళ్ళు ఉండవు. ఇది ఎవరికి తట్టిన ఏర్పాటో గానీ, వాళ్ళు ఒక్క పొద్దు ఇక్కడ కూర్చుని చదివితే బాగుండును.

శ్రావణ బహుళ అష్టమి. గాలి మారింది. నురుగు ఎక్కువ.

ఇవాళ రేడియోలో నేను రెండుసార్లు మాట్లాడాను. ఒకసారి మాట్లాడింది నేను కాదు.

మా ప్రసారానికి కాస్త ముందు, మా రేడియో అంకె మీదే, నా గొంతు వచ్చింది. దయామణి చెయ్యి మీట మీదే ఆగిపోయింది. "దీపాల గుట్ట నుంచి నూకరత్నం. గాలి ఆగ్నేయం, అల చిన్నది. తమ్ముడు నాకోసం తాటి ముంజె దాచిపెట్టిన నాటిలా చల్లగా ఉంటుంది."

నేను వాడేసిన మాటలన్నీ యంత్రానికి మేపి, మా ఇంట్లో ఏం జరిగి ఉండవచ్చో దాని చేత అల్లించారు. మా గొంతుని నొక్కేసి ఆ గొంతుని నమ్మించగలిగితే, మేం ఉన్నా లేకపోయినా సొరకి తెలియదు. ఈలోగా వాళ్ళు పడవలేసుకుని వచ్చేయవచ్చు. ఇదంతా వరాహమూర్తి గారు ఫోనులో చెప్పారు. దయామణి వెంటనే యంత్రం జోరు పెంచింది, నేను చదివాను, ఏ గొంతు ఎంత దూరం వెళ్ళిందో దేవుడికే తెలియాలి.

నన్ను పట్టి కుదిపింది అది కాదు. ఆ ముంజె నాకు గుర్తుంది. ఆకులో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టాడు, నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పులిసిపోయింది, అయినా తిన్నాను. గుర్తుందా, లేక వాళ్ళు చెప్పాక గుర్తొస్తోందా? పొద్దుటినుంచి ఇదే. వాళ్ళు అల్లిన అబద్ధం నా నోట్లో తియ్యగా ఉంది. ఇంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు.

అడుగుదామంటే వాడొక్కడే సాక్షి, వాడు మాట్లాడకూడదు.

భాద్రపద బహుళ తదియ. ముసురు. చూపు ఆనదు.

దయామణి నెత్తళ్ళ వేపుడు తెచ్చింది. "తిను, ఏదైనా గేపకం వొత్తాదేమో" అంది. ఎగతాళి చేయడం మానేసి చాలా రోజులైంది. వాసన చూస్తే నిజంగానే ఒకటి వచ్చింది. గురువులు నెత్తళ్ళ తలలన్నీ తీసి కంచం చుట్టూ వరసగా పేర్చి, అన్నం తినేవరకూ కాపలా ఉండమని వాటికి చెప్పేవాడు. మర్నాడు పొద్దున అది చదివేశాను.

అలాంటివి గోకి గోకి తీస్తున్నాను. వాడు నిద్రలో పళ్ళు కొరకడం అయిపోయింది. నా జడ రిబ్బను గాలిపటానికి తోక కట్టిందీ అయిపోయింది.

వరాహమూర్తి గారు వచ్చి, "కొత్తవి కల్పించలేరా?" అని మెల్లగా అడిగారు.

"కల్పిస్తే వాడికి తెలియదు కదండీ. తెలియని మాట వింటే మన గొంతు కాదనే అంటాడు. అలా అనడానికే కదా వాణ్ణి అక్కడ పెట్టారు."

"మీ మీద ప్రేమతో..."

"వాడు నాలాంటివాడు కాదండి. ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. అందుకే మా ఇద్దరిలో వాణ్ణి వినే చెవిగా తీసుకున్నారు."

ఆయన గొడుగు మరిచిపోయి వానలో దిగి వెళ్ళిపోయారు. వెనక్కి పిలవలేదు నేను.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి. గాలి లేదు.

మొన్న ఏమీ దొరకలేదు. వట్టి వాతావరణం చదివాను. నిన్న కూడా అంతే. ఇవాళ మూడో పొద్దు.

దయామణి మీట మీద వేలు పెట్టి, నా వైపు చూడకుండా, "నా మనవడికి ఈపాటికి నడక వొచ్చుంటాది" అంది. ఇన్నాళ్ళలో ఆ పిల్లాడి ఊసు ఎత్తడం అదే మొదలు. బతిమాలినట్టు కూడా అనలేదు.

అప్పుడు చదివాను: "గాలి లేదు. సముద్రం కదలడం లేదు. చిట్టెమ్మ అమ్మని చూశాకే పోయింది."

చిట్టెమ్మ మా చెల్లెలు. మొదటిసారి పాయ మూసినప్పుడు మందులు రావడం ఆగిపోయింది. దానికి జ్వరం. అమ్మ మందుల వరసలో నిలబడడానికి వెళుతూ మా ఇద్దరినీ దాని దగ్గర కూర్చోబెట్టింది. గురువులు చెంచాతో నీళ్ళు పోశాడు. నేను విసనకర్రతో విసిరాను. కాసేపయ్యాక నీళ్ళు పెదవి పక్కనుంచి కారిపోవడం మొదలైంది. నిద్రపోయిందనుకుని ఇంకా పోస్తూనే ఉన్నాం, ఇంకా విసురుతూనే ఉన్నాం. ఒంటి వేడి తగ్గితే జ్వరం దిగిందని సంతోషపడ్డాం కూడా. తెలిసేసరికి సాయంత్రమైంది.

అమ్మ ఖాళీ చేతులతో గుమ్మంలోకి వచ్చింది. గురువులే ముందు అన్నాడు, "అమ్మా, ఇప్పుడే నిన్ను సూసింది. నీ గొంతు ఇని కళ్ళు తెరిసింది" అని. ఔనన్నాను నేను. అమ్మ నమ్మింది. ఆ తర్వాత పరామర్శకి వచ్చిన వాళ్ళందరికీ, 'నా బిడ్డ నన్ను చూశాకే పోయింది' అని చెప్పుకునేది. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా బతుకంతా బతికింది. ఉన్నది ఉన్నట్టు చెప్పే నా తమ్ముడు జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే. మేమిద్దరం కూడా మళ్ళీ దాన్ని గురించి మాట్లాడుకోలేదు.

ఇవాళ కూడా అబద్ధం అబద్ధంలాగే చదివాను. వీధికి తెలిసిన మాటే అయినా, దాని వెనక నిజం తెలిసింది మా ఇద్దరికే, చాలు. చదివాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. దయామణి మీట ఆపడం మరిచిపోయింది, ఆ ఏడుపు కూడా వెళ్ళిపోయింది. సాయంత్రం ఆ ఒడ్డు రేడియో వినలేదు. చిట్టెమ్మ మీద డప్పు వాయిస్తే నేను తట్టుకోలేను.

ఆశ్వయుజ బహుళ నవమి. ఈశాన్యపు గాలి. తుపాను కబురు.

అంతా అయిపోయింది. గోడ గీకినా ఏమీ రాలడం లేదు. మళ్ళీ రెండు పొద్దులు వట్టివి పోయాయి. మూడో పొద్దున తుపాను ఎటు తిరుగుతుందో చదివి, పడవలన్నీ ఒడ్డుకి లాగమని చెప్పి, కాగితం పక్కన పెట్టేశాను.

"ఒరే గురువులూ, నా దగ్గర ఇంకేమీ లేవురా. వెతుక్కోవద్దు. మేం ఇక్కడే ఉన్నాం. నేనే. నమ్ము."

ఇలా మాట్లాడకూడదు. యంత్రమైనా సరిగ్గా ఇలాగే అంటుంది. వాడికి అది తెలుసు. వాడు ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

దయామణీ, నేనూ గుట్ట అంచున కూర్చున్నాం. వరాహమూర్తి గారు కూడా వచ్చి, నేల మీదే మా పక్కన కూర్చున్నారు. ముగ్గురం శంఖుపురం వైపు చూస్తూ ఉన్నాం. తుపాను మబ్బు తప్ప ఏమీ లేదు. దయామణి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని సుజన పేరు, పిల్లాడి పేరు పదేపదే అనుకుంటోంది. నేను దాని వీపు మీద చెయ్యి వేశాను. అంతకంటే నాకు చేతనైంది లేదు.

సాయంత్రమైంది. ఏమీ జరగలేదు. మర్నాడు కూడా జరగలేదని ఇక్కడే కలిపి రాస్తున్నాను.

కార్తీక శుద్ధ సప్తమి. ఆకాశం తేట. అల చిన్నది.

రోజూ వట్టి వాతావరణం చదువుతూ ఉండగానే తిమి బాగై నీళ్ళలోకి దిగింది. సొర ఇంటికొచ్చింది. గురువులు రాలేదు.

రేవులో మనుషులు ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. చివరికి సన్నగా, గడ్డం మాసినవాడొకడు గురువులు బట్టల సంచీ పట్టుకుని నా ముందుకి వచ్చాడు. దక్షిణం వాడు. పేరు మస్తాన్. పడవలో గురువులుకి సహాయంగా వినేవాడట.

"గురువులన్న లేడక్కా" అన్నాడు. "జేష్టంలోనే. కడుపునొప్పని పడుకున్న్యాడు. రెండు దినాల్లో అయిపోయినాడు."

జ్యేష్ఠం అంటున్నాడు. కాకిపిల్ల కంటే ముందు. చిట్టెమ్మ కంటే ఎంతో ముందు.

"పైకి తేలి ఉంటే బతికేవాడా?"

"డాక్టరు దొరికుంటే బతికేవాడేమో. తేలకూడదు గదక్కా."

అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. ఎవరి కోసం ఏరాను ఇవన్నీ? నా తమ్ముడితో నాకున్నదంతా తీసి రోజుకొకటి చొప్పున సముద్రంలో పోశాను, అక్కడ వాడు లేడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. సొర మీద, తాండ్ర పొట్లం మీద, ఎదురుగా నిలబడ్డ ఈ పిల్లాడి మీద కూడా.

"మరి ఇన్నాళ్ళూ ఎవరు విన్నారు?"

మస్తాన్ చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"నేనే. గురువులన్న పోతే కెప్టెను గారు నన్ను పిలిచి, ఇంటి సంగతులన్నీ నీకు చెప్పి పోయినాడా అనడిగినాడు. చెప్పినాడన్న్యాను."

"చెప్పాడా?"

"లేదక్కా. నొప్పితో మాట్లాడేదానికి కూడా కాలేదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. "దినామూ పొద్దున్నే కెప్టెను గారు అడుగుతాడు, మన గొంతేనా అని. మనదే అంటా ఉన్న్యా. కాకిపిల్లనీ అట్నే అన్న్యా, నెత్తళ్ళనీ అట్నే అన్న్యా. నువ్వేం చెప్పకండా వాతావరణం ఒక్కటే చదివిన దినం కూడా, అందులోనే ఉందన్న్యా. నా దగ్గర ఇంకేం లేవని నువ్వు అంటివే, ఆ దినం కెప్టెను గారు పెట్టె తాళం చేతిలో పట్టుకోనుండాడు. ఇది వాళ్ళ చిన్నప్పటి ఆటే సార్, బెల్లంముక్క దాచిపెట్టుకోని నా దగ్గరేం లేదు వెతుక్కోవద్దు అనేది వాళ్ళక్క అని చెప్పినా. మీ చిన్నతనానికి నేను గూడా కొంత చేర్చినానక్కా. తప్పుగా అనుకోవద్దు."

"అది నేనేనని నీకెలా తెలుసు?"

"తెలీదు."

"మరి?"

"నీ గొంతో యంత్రమో నాకు తెలీదక్కా. కాదని చెప్తే ఏమవుతాదో తెలుసు."

 గుమ్మంలో నిలబడిన అమ్మా, ముందు నోరు విప్పిన గురువులూ నా కళ్ళముందు మెదిలారు. ఈ పిల్లాడికి ఆ కథ తెలియదు. నేను చెప్పాను, సాయంత్రం దాకా నీళ్ళు పోస్తూ కూర్చున్నది కూడా దాచకుండా. తల వంచుకుని విన్నాడు.

లేవబోతూ, "నీ మాటల్లో గురువులన్న విన్న కడసారిది యాదో తెలుసా?" అన్నాడు. "అమ్మ కొంగు కాలింది అంటివే, అది. నొప్పిలో గూడా నవ్వినాడు. మా అప్పకి, నీకేలే అక్కా, మతి పోయింది, అమ్మ కట్టుకున్న చీర మీద గంజి పోస్తే అమ్మ లేవదా, కాలింది కొంగు కాదు దుప్పటి అన్న్యాడు. అయినా మనదే, మా అప్పే, రాసుకోండి అన్న్యాడు."

కార్తీక బహుళ విదియ. తూర్పు గాలి.

తిమిలో చెవిగా వెళ్ళిన అమ్మాయికి వారం తిరక్కుండానే జ్వరం తగిలింది, బదులు వెళ్ళడానికి సొర రేవులో ఉంది కాబట్టి ఈసారి తిమి వెనక్కి వచ్చేసింది. సొర నిన్న రాత్రి మళ్ళీ నీళ్ళలోకి దిగింది. దానికి ముందు రోజు నన్ను అడగడానికి వచ్చిన వరాహమూర్తి గారు ఈసారి ఏ తీపీ తేలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అడగడానికి నాకు నోరు రావడం లేదండీ. గురువులు చెప్పినవన్నీ మస్తాన్ దగ్గరున్నాయట. అతనూ మీరూ కలిస్తే వేసవి దాకా నెట్టుకురావచ్చని పైవాళ్ళు అంటున్నారు. వద్దంటే నేను వెళ్ళి చెబుతాను."

ఆయనకి నిజం చెప్పాలనిపించింది. మీ సొర ఇక ఎవరినీ కాల్చదండీ, దాని చెవిలో కూర్చున్నవాడు ఎప్పటికీ కాదని అనడు అని. ఆయన దీవి గుర్తొచ్చింది, ఆయన అన్న గుర్తొచ్చాడు. నిజంగానే ఒకనాడు వాళ్ళు మా మీదికి వస్తే, నా బదులు యంత్రం చదివితే, అప్పుడు కూడా మస్తాన్ మనదే అంటాడు. అది నాకు తెలుసు. రేవులో మస్తాన్ చెప్పిన నాటినుంచి ఆ ఆలోచనకి నాకు నిద్ర పట్టడం లేదు. అటు శంఖుపురంలో ఇప్పుడిప్పుడే నడక వచ్చిన పిల్లాడున్నాడు.  సొర ఉందని అవతలి ఒడ్డు నమ్మినంత కాలం వాళ్ళు రారు. సొర నోరు తెరవనంత కాలం శంఖుపురం వాళ్ళూ ఉంటారు. ఈ సంగతి నాకూ మస్తాన్‌కీ తప్ప మరొకరికి తెలియకూడదు. దయామణికి కూడా చెప్పలేదు, చెప్పలేను.

"చదువుతానండీ" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను దేనికి ఒప్పుకున్నానో ఆయనకి తెలియదు.

ఇవాళ పొద్దున దయామణి యంత్రాన్ని వేళకి ముందే వేడెక్కించింది. నాకు చదవడానికి ఏ మాటా ఏరుకోవలసిన పని లేదు. ఏం చదివినా మస్తాన్ ఔననే అంటాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి, రుజువు కోసం కాకుండా, నా తమ్ముడి కోసమే చదివాను.

"దీపాల గుట్ట నుంచి నూకరత్నం. గాలి తూర్పు. అల మోకాలెత్తు. పడవలు నిర్భయంగా వెళ్ళవచ్చు. ఒరే గురువులూ, నువ్వు చెప్పిందే నిజం. కాలింది దుప్పటే."

దయామణి మీట ఆపింది. నేను చిట్టాలో 'దుప్పటి' అని రాశాను.